ఆరు కాలింగ్ యాప్‌లు, ఒక ముసలి ల్యాప్‌టాప్

కోరుట్లలో ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడిపిన రోజుల్లో నా ల్యాప్‌టాప్ ఫ్యాను పిండిగిర్నీతో పోటీ పడేది. కులం సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టించుకోవడానికి ఎవరైనా వస్తే, పేజీ తెరుచుకునేలోపు వాళ్లకు చాయ్ తాగించాల్సి వచ్చేది. నాకసలే ముక్కు మీద కోపం. ఆ ల్యాప్‌టాప్‌కు చెవులుంటే నా తిట్లకే సగం చచ్చేది.

ఆ రోజు పదకొండింటికి మా తమ్ముడికి నా దుకాణంలోనే వీడియోలో ఇంటర్వ్యూ. సిరిసిల్లలో వాడు నడిపే సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆర్డర్లు లేక ఆగిపోయి రెండు నెలలైంది. బహ్రెయిన్‌లో ఒక బట్టల మిల్లుకు మగ్గం పనివాళ్లు కావాలట. ఇది తప్పితే వాడి చేతిలో ఇంకో పని లేదు. పదిన్నరకు పరీక్షగా వీడియో తెరిస్తే, వాడి ముఖం ముక్కలుముక్కలై తెర మీద నిలిచిపోయింది.

"గిదేందక్కా, గింత మొత్తుకుంటుంది?"

"ముసల్దైంది రా."

"ముసల్దైతే ఏంది? మా షెడ్డుల కరెంటు చాలకుంటే, ఏ సాంచ ఉత్తగ తిరుగుతుందో సూసి బందు వెడ్తం. నువ్వు గట్ల సూసినవా?"

చూడలేదు. ఊరందరికీ కంప్యూటర్ సంగతులు చెప్పే నాకు మగ్గం నడిపేవాడు చెప్పాల్సి వచ్చింది. టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రాసెసర్ దాదాపు పూర్తిగా నిండిపోయి ఉంది. ఎవరు ఎక్కువ తింటున్నారో వరుసలో పెట్టమంటే, పైన ఆరు కాలింగ్ యాప్‌లు వచ్చి నిలబడ్డాయి.

అవి నేను పెట్టినవే. గల్ఫ్‌లో ఒకచోట నడిచే యాప్ ఇంకోచోట నడవదు, అందుకని మగవాళ్లు అక్కడున్న ఒక్కో ఇంటికి ఒక్కోటి. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని నా దుకాణం అరుగు మీదే కూర్చునేవాళ్లు. "గది బందు వెట్టకు బిడ్డా, ఆయన ఎప్పుడు చేస్తడో ఏమో" అనేవాళ్లు. అందుకే కంప్యూటర్ వేయగానే అన్నీ వాటంతటవే మొదలయ్యేలా పెట్టాను. తర్వాత వాళ్లందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. యాప్‌ల సంగతి నేను మరిచిపోయాను.

ఒక్కొక్కటే మూశాను. రెండు నిమిషాల్లో మళ్లీ లేచాయి. ఇలా కాదని స్టార్టప్ జాబితాలోకి పోయి ఐదింటిని ఆపి, రీస్టార్ట్ చేశాను. చప్పుడు సగం తగ్గింది. ఆరోదాని దగ్గర నా వేలు ఆగింది. అది దుబాయ్‌లో ఉన్న మా ఆయనది.

"బావది గూడ బందు వెట్టక్కా. ఇప్పుడు డ్యూటీల ఉంటడు. నీ తిట్లు ఆయనకు ఫోన్ల గూడ మంచిగనే ఇనవడ్తయి."

నవ్వుతూనే ఆపేశాను. ఫ్యాను సద్దుమణిగింది. తెర మీద మా తమ్ముడి మీసం వెంట్రుకలతో సహా కనబడింది.

ఇంటర్వ్యూ హిందీలో జరిగింది. ఒక్కడివే ఎన్ని మగ్గాలు చూస్తావని అడిగితే ఎనిమిదన్నాడు. దారం తెగితే చూడక్కర్లేదు, చప్పుడును బట్టే తెలుస్తుందన్నాడు. అవతలి పెద్దమనిషి తలూపాడు. పావుగంటలో తేలిపోయింది, తీసుకున్నారు. నెలలోపు రావాలన్నారు.

సంతోషం పట్టలేక వాడి వీపు మీద రెండు చరిచాను. అప్పుడు తట్టింది నాకు. పొద్దుటి నుంచి మిషన్ మీది కోపంలో, వాణ్ని పంపించడానికే ఇంత పాటు పడుతున్నానని ఆలోచించనే లేదు.

"రెండేండ్లే అక్కా, జల్ది అస్త" అన్నాడు వాడు.

మా ఆయన కూడా రెండేళ్లని చెప్పే వెళ్లాడు. అప్పటికి ఏడో ఏడు నడుస్తోంది.