మడుగులో కార్ఖానా వాటా

నాకు ముక్కు మీదే కోపం. మా అత్తయితే "కూరల ఉప్పు తక్కువైనా ఉరుముతది, ఎక్కువైనా ఉరుముతది" అని నా గురించి ఊరందరికీ చెప్పుకుంటుంది. అలాంటి నేను నోరెత్తకుండా, తల వంచుకుని ఊరందరి ముందూ నిలబడిన రోజు ఒకటుంది. అదంతా హైడ్రోజన్ పుణ్యం.

నవ్వకండి, చెబుతాను. నేను బీజాపూర్‌లో ఒక చిన్న సర్కారు ఆఫీసులో గుమాస్తాను. పుట్టింది భోపాలపట్నంలో బట్టల దుకాణం వాళ్లింట్లో. అత్తగారి ఊరు తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో, వాగు పక్కన; పండగలకు తప్ప నేనక్కడ ఉన్నది లేదు. ఇంట్లో తెలుగు, బజారులో గోండీ, ఆఫీసులో హిందీ. మూడు భాషల్లోనూ తిట్టగలిగిన మనిషిని.

ఒకరోజు రాజధాని రాయ్‌పూర్ నుంచి మా ఆఫీసుకు కాగితం వచ్చింది. హరిత హైడ్రోజన్ పరిశ్రమ కోసం ఒక విధానం తయారవుతోందట. ఎండ బాగా కాసే ఖాళీ నేల, దగ్గర్లో ఎవరి వాడుకలోనూ లేని నీళ్లు ఎక్కడున్నాయో జాబితా చేసి పంపమన్నారు. జాబితాకెక్కిన చోటికి రాయితీలు, శిక్షణ కేంద్రం, అన్నీ కుదిరితే ఒక చిన్న ప్లాంటు.

మా సారుది దుర్గ్ వైపు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, అయినా నన్ను "మేడంజీ" అంటాడు. ఆయనే బొమ్మ గీసి చెప్పాడు. సోలార్ పలకల నుంచి వచ్చే కరెంటుతో నీళ్లను రెండు వాయువులుగా విడగొడతారు. అందులో హైడ్రోజన్‌ను పట్టి దాచుకుంటే దానితో ఖనిజం మోసే లారీలు నడపొచ్చు, ఉక్కు కొలుములూ నడపొచ్చు. పొగ రాదు, ఆవిరే వస్తుంది.

నాకు తెగ నచ్చింది. నచ్చడానికి కారణం పొగ కాదు. మా అత్తగారి ఊరి ఆడపిల్లలు ఏటా చలికాలం పోతూనే సరిహద్దు దాటి మిరపకాయలు ఏరడానికి పోతారు. ఐటీఐ చదివిన పిల్ల కూడా పోతుంది. తిరిగొచ్చేసరికి వాళ్ల చేతులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అక్కడే ఒక ప్లాంటు వస్తే, ఆ పిల్లలు నీలం చొక్కా తొడుక్కుని మీటలు తిప్పుతుంటే, ఆహా, ఎంత బాగుంటుంది! ఆ రాత్రి నిద్రపోయే ముందు కూడా దాని గురించే అనుకున్నాను.

ఫోనులో మా అత్తకు చెప్పాను.

"నీళ్లను ఇడగొడతరా?" అంది.

"అవును అత్తా, కరెంటు పెట్టి."

"ఇడగొట్టినదాన్ని కాలిస్తే ఏమైతది?"

"మళ్లీ నీళ్లే అయితయి."

"మరి గీ మాత్రానికి ఇడగొట్టుడు దేనికే? ఆళ్లేమన్న కొట్లాడుకున్న మొగుడూ పెండ్లాలా?"

ఆమెతో వాదించి గెలిచినవాడు మా ఇంటా వంటా లేడు. మా మామ కూడా పోయేదాకా ఓడిపోతూనే ఉన్నాడు.

చైత్రమాసంలో సారూ నేనూ జీపులో చోట్లు చూడటానికి బయల్దేరాం. నా మనసులో ముందే ఒక చోటుంది. మా అత్తగారి ఊరి అవతల రాళ్ల మిట్ట. పంట పండదు, నీడ లేదు, ఎండ మాత్రం దంచుతుంది. దాని కిందే వాగు మలుపులో పెద్ద మడుగు. వాగంతా ఎండి ఇసుక తేలినా ఆ మడుగులో నీళ్లు నల్లగా, లోతుగా ఉన్నాయి. ఒడ్డున గడ్డి మోకాలెత్తు పెరిగింది. కాలిబాట లేదు, బట్టలుతికిన జాడ లేదు, గొడ్ల అడుగుల్లేవు. ఒకచోట ఎవరో కర్ర పాతి ఆకులు కట్టారు. ఆకులు ఎండిపోయి వేలాడుతున్నాయి. ఎవరో పాతి మరిచిపోయారనుకున్నాను.

"బాగుంది మేడంజీ. ఎవరైనా వాడతారా?" అన్నాడు సారు.

"చూస్తున్నారుగా సార్, ఎవరూ దిగిన జాడే లేదు" అన్నాను. కాగితంలో 'వాడుకలో లేదు' అని రాశాను.

అన్నిటికంటే పెద్ద సిగ్గు ఇంకోటుంది. తిరిగి వచ్చేటప్పుడు జీపు మా అత్త వాకిలి ముందు నుంచే పోయింది. ఆమె చాటలో ఇప్పపూలు చెరుగుతోంది. నేను దిగలేదు. పక్కన సారున్నాడు, చేతిలో ఫైలుంది, సర్కారు మనిషినై వచ్చాను కదా! చెయ్యి ఊపాను. పెద్ద దొరసానిలా చెయ్యి ఊపాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

జాబితా రాయ్‌పూర్ పోయింది. మా చోటు బాగుందని అక్కణ్నుంచి మెచ్చుకుంటూ ఫోను కూడా వచ్చింది. వారం రోజులు నా కాలు నేల మీద నిలవలేదు.

తర్వాత సంత రోజున మా అత్త బీజాపూర్ వచ్చింది. ఎప్పటిలాగే కొంగున కట్టిన ఎండు చేపల మూట విప్పింది. పెళ్లయినప్పటి నుంచీ ఏటా ఆ చేపలు తింటూనే ఉన్నాను. ఎక్కడివని ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు.

"ఇగ ఇయ్యే ఆఖరు. మడుగు తీసినంక కొత్తయి తెస్త" అంది.

"ఏ మడుగు అత్తా?"

"ఏ మడుగేంది? మిట్ట కింది మడుగు. మనకు ఇంకొకటున్నదా?"

ఆమె చేపలు డబ్బాలో సర్దుతూ మామూలుగా చెప్పుకుపోతోంది. కోతలైపోగానే పూజారి ఒడ్డున కర్ర పాతి ఆకు కడతాడు. ఆ రోజు నుంచి మడుగు మూత. ఎవరూ వల వెయ్యరు, కాలు పెట్టరు, గొడ్లను తోలరు. తాగడానికి పైన ఇసుకలో చెలమలు తీసుకుంటారు. మృగశిర కార్తెకు ముందు ఒకరోజు కర్ర పీకి ఊరంతా ఒక్కసారే దిగుతారు. అంతదాకా చేపలు పెరగాలి. ఆ తర్వాత వానలు పడి పంట చేతికొచ్చేదాకా ఊరి పిల్లల కంచాల్లో ఆ ఎండు చేపలే ఉంటాయి.

ఊరంతా ఏడాదిలో సగం రోజులు పట్టుబట్టి వాడకుండా దాచుకున్నదాన్ని నేను వాడుకలో లేదని రాసి పంపాను.

చెప్పేశాను. దాచడం నాకు చేతకాదు. మా అత్త తిట్టలేదు. తిట్టినా బాగుండేది. డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంది.

"జీపు దిగకపోతివి గద బిడ్డా" అంది. అంతే. ఏడుపొచ్చింది నాకు.

మర్నాడు సారుకు చెప్పాను. ఆయన మంచివాడే, కానీ భయపడ్డాడు. "పంపిన జాబితా మార్చాలంటే గ్రామసభ తీర్మానం, ప్రస్తావ్ కావాలి మేడంజీ. జాబితాలోంచి మడుగు పేరు తీసేస్తే నీళ్లు లేవని మొత్తం ఊరినే కొట్టేస్తారేమో" అన్నాడు. ఊరుకుంటే మడుగు పోతుంది. నోరు విప్పితే ప్లాంటు పోతుంది, ఆడపిల్లలు మళ్లీ మిరపతోటలకే. ప్లాంటు పోతే పోయింది, మడుగు పోకూడదనుకున్నాను.

ఊరి పటేలు మాకు వరసకు మామ. ఫోను చేసి, జరిగింది చెప్పి గ్రామసభ పెట్టమన్నాను. "మడుగు తీసే రోజు అందరు ఒక్క కాడనే ఉంటరు. అప్పుడే పెడదం. మీ సారును గూడ తోలుకరా కోడలా" అన్నాడు. ఆ గొంతులో కోపముందో లేదో నాకు అంతుపట్టలేదు.

ఆ రోజు పొద్దున్నే వెళ్లాం. పూజారి మొక్కి కర్ర పీకాడు. అంతే, కేకలు, ఈలలు! ముసలివాళ్లు, బాలింతలు తప్ప అందరూ నీళ్లలోనే. వలలు, చేపల మీద బోర్లించే ఊత బుట్టలు, ఏమీ లేనివాళ్లకు చీర కొంగులు. మా అత్త ఈ వయసులో నడుముకు కొంగు బిగించి, ఊత గుచ్చి, అందులోంచి మూరెడు కొర్రమట్టను లాగి ఒడ్డు మీదికి విసిరింది. చొక్కా మీద బురద చిందితే సారు ఎగిరి గంతేశాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. కాసేపటికి నేనూ చీర ఎగ్గట్టి దిగాను. ఒక్క జెల్ల కూడా చిక్కలేదు, దాని ముల్లు మాత్రం వేలికి గుచ్చుకుంది.

ఎండ నెత్తి మీదికొచ్చాక ఒడ్డున సభ కూర్చుంది. నేను లేచి నిలబడ్డాను.

"ఈ మడుగు ఎవల వాడుకల లేదని రాసింది నేనే. ఎవలనూ అడగలే. తప్పు నాదే."

పటేలు నన్ను తేరిపార చూశాడు. "రాసేటప్పుడు మా ఇండ్లు కండ్లబడలేదా కోడలా?"

"పడ్డయి మామా."

"మేం?"

చెప్పాను కదా, తల వంచుకుని నిలబడ్డానని.

అప్పుడు మా అత్త లేచింది. చీర నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. "దాన్ని ఎంతసేపు నిలబెడతరు? తెల్వక రాసింది, తెల్సినంక చెప్పొచ్చింది. మన ఆడపిల్లలు మిరపతోటలకు పోయి కండ్లు మండిచ్చుకొస్తున్నరు. పని మన మిట్ట మీదికే వస్తనంటే వద్దంటమా? రానియ్యుండ్రి. మడుగు మాత్రం ఇచ్చేది లేదు."

గుసగుసలు మొదలయ్యాయి. గోండీలాంటి దోర్లీలో కొంత, తెలుగులో కొంత. నేను సారు చెవిలో హిందీలో చెబుతున్నాను. ఎంతకీ తెగలేదు. చివరికి పటేలు, "ముందు చేపలు పంచుదం. ఎండకు పాడైతయి" అని లేచాడు.

టేకాకులు పరిచి చేపలన్నీ కుప్పలు పోశారు. పొయ్యికో కుప్ప. పదిమంది తినే పొయ్యికీ ఒకటే, ఒంటరి ముసలమ్మ పొయ్యికీ ఒకటే. పటేలు కుప్ప కూడా అందరిదంతే. పంచడం అయ్యాక చూస్తే చివర ఒక కుప్ప మిగిలింది.

"ఇది ఎవరిది?" అని అడిగాడు సారు. నేను తెలుగులోకి మార్చాను.

"మీ కార్ఖానది" అన్నాడు పటేలు.

"అది ఇంకా కట్టనేలేదు కదా!"

"ఊళ్లెకు వస్తనంటున్నది గద సారూ. ఊళ్లె ఉన్న పొయ్యికి వాటా ఉంటది, లేదనం. ఒక్క పొయ్యికి ఎంతనో అంతే. మూత పెట్టినప్పుడు దానికి గూడ మూతనే."

నేను హిందీలో చెప్పాను. సారు నా దగ్గర కలం అడిగి తీసుకుని, అక్కడే కింద కూర్చుని ప్రస్తావ్ రాయడం మొదలుపెట్టాడు. ప్లాంటు నీళ్ల కోసం మిట్ట మీదే వాన నీటి చెరువు తవ్వుకోవాలి. మడుగు నుంచి ఒక ఇంటి వాటాకు మించి ముట్టకూడదు, మూత ఉన్న రోజుల్లో చుక్క కూడా తియ్యకూడదు. ఊళ్లో అందరూ సంతకాలూ వేలిముద్రలూ వేశారు. మా సారు చేపలు తినడు. కాబట్టి కార్ఖానా కుప్పను నేను ఇంటికి తెచ్చి పులుసు పెట్టాను. నిజం చెప్పొద్దూ, లొట్టలేసుకుంటూ తిన్నాను.

జవాబు కోసం వానాకాలమంతా ఎదురుచూశాను. రోజూ టపా ముందు నేనే విప్పేదాన్ని. కోతల వేళకు వచ్చింది. మా ఊరి పేరు జాబితాలో ఉంది. నీళ్ల గడిలో మడుగు కొట్టేసి, వాన నీటి చెరువు అని రాశారు. పైగా, ఏ నీళ్లనైనా వాడుకలో లేవని రాసే ముందు ఏడాది పొడుగునా వాడుక ఎలా ఉంటుందో గ్రామసభను అడగాలని విధానం ముసాయిదాలో ఒక వాక్యం చేర్చారు. ఆఫీసులో అందరి ముందూ భోరున ఏడ్చాను. సారు టీ తెప్పించాడు.

ఆ సంతోషం చెప్పడానికే మడుగు మూసే రోజున ఊరికి వెళ్లాను. పూజారి కర్ర పాతి ఆకు కట్టాడు. కాగితం చదివి వినిపించాను. అందరూ విన్నారు, తలలూపారు. తర్వాత పటేలు కాపలా వంతులు పిలవడం మొదలుపెట్టాడు. మూత ఉన్నన్నాళ్లూ పగటిపూట ఒక మనిషి ఒడ్డున కూర్చోవాలి. వాటా తిన్న ప్రతి ఇంటికీ వంతుంటుంది. ఒక్కో ఇంటి పేరూ పిలుస్తుంటే ఆ ఇంటి వాళ్లు "ఉన్నం" అంటున్నారు. మా అత్త కూడా అంది.

చిట్టచివర "కార్ఖానా" అని పిలిచాడు.

ఎవరూ పలకలేదు. మిట్ట మీద ఇంకా ఒక్క మేకు కూడా దిగలేదు, ఎవరు పలుకుతారు?

"కార్ఖానా వాటా తిన్నదెవలు?" అన్నాడు పటేలు.

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జనం ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. లేచి నిలబడ్డాను.

"ఉన్న మామా" అన్నాను.

ఇప్పుడు కోతలైనప్పటి నుంచి మృగశిర దాకా, వంతు వచ్చినప్పుడల్లా సెలవు పెట్టి వెళ్లి కర్ర పట్టుకుని ఆ ఒడ్డున కూర్చుంటాను. మధ్యాహ్నం మా అత్త జావ తెస్తుంది. రేపు ప్లాంటు కట్టేవాళ్లు ట్యాంకరు తీసుకుని మడుగు దగ్గరికి వస్తే, కార్ఖానా తరఫున అడ్డం నిలబడాల్సింది నేనే.