మొదటి గంటకే హాజరు తీసుకున్న పెట్టె

ఇందుకూరుపేట అబిగయీలు రొయ్యల గుంటలో ఒక పెట్టెకు బాప్తిస్మం ఇప్పించిందని మైపాడు నుంచి వాకాడు దాకా అందరికీ తెలుసు. కళ్లారా చూసినవాడు మాత్రం ఒక్కడూ దొరకడు. చూశానన్న ప్రతివాడూ, చూసిన ఇంకొకడు చెప్పగా విన్నవాడే. మూడుసార్లు ముంచారట. పాస్టరు గారు పక్కనే ఉన్నారట. మూడో మునకకు పెట్టెలోని దయ్యం, గుంట నీళ్లు చిలికే ఏరేటర్ల మీదుగా దూకి సముద్రంలోకి పోయిందట. దయ్యం సంగతికి నేను పూచీ పడను. మిగతాది వినండి.

అబిగయీలు పాలిటెక్నిక్ చదివింది. చిన్నప్పుడు వాళ్లమ్మ మిక్సీని విప్పి తిరిగి బిగిస్తే, అది చట్నీతో పాటు చెన్నై రేడియో కూడా పట్టేదంటారు. ఇప్పుడు నెల్లూరులో ఒక చిన్న కంపెనీ కోసం, గుంట నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉందో చెప్పే పెట్టెలకు ప్రోగ్రాము రాస్తుంది. నీళ్లలో వేలాడే సెన్సారు ఒకటి, గట్టు మీద పెట్టె ఒకటి. సెన్సారును పలకరించి జవాబు తెచ్చే ముక్కను డ్రైవరంటారు. అది ఆమె వంతు. ఆక్సిజన్ తగ్గిందంటే పెట్టె సైరన్ మోగిస్తుంది.

మొదటి పెట్టెను మైపాడు దగ్గర దరియావలి గుంటకు బిగించారు. ఆనాటి నుంచి ఒకటే తంతు. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, పెట్టె సున్నా చూపించి అరిచేది. ఆ అరుపుకు వేటకు పోయిన పడవలన్నీ వెనక్కి తిరిగాయి. అన్నీ కాకపోయినా రెండైనా తిరిగే ఉంటాయి. ఆఫీసు బల్ల మీద మాత్రం అదే పెట్టె మహా బుద్ధిమంతురాలు. అబిగయీలు అనుమానంగా, కరెంటు వచ్చి పెట్టె లేవగానే అయిదు సెకన్లు ఆగమని రాసింది. గుంట దగ్గర ఆరో సెకనుకు అరిచింది. పది అని రాసింది. పదకొండో సెకనుకు అరిచింది.

ఒక మంగళవారం పొద్దున కరెంటు ఆరుసార్లు పోయి వచ్చింది. పెట్టె ఆరుసార్లు సున్నా అని అరిచింది. పక్క గుంట పెంచలప్రసాద్ గట్టెక్కి, రొయ్య చచ్చేలోగా పట్టి అమ్మేయాలంటూ, ఎవరూ అడక్కుండానే ఐసు లారీకీ వలల వాళ్లకీ ఫోన్లు కొట్టాడు. దరియావలి రొయ్య ఇంకా ఇరవై రోజులు పెరగాలి. ఇప్పుడే వలేసి పట్టుబడి పెడితే ఇన్ని నెలల కష్టం పచ్చడికి తప్ప దేనికీ రాదు.

అబిగయీలు స్కూటీ మీద వచ్చేసరికి లారీ నెల్లూరు దాటింది.

"అన్నా, రొయ్య యాడన్నా పైకి తేలినాదా?" అని దరియావలిని అడిగింది.

"తేల్లేదు మా."

"ఒకటన్నా చచ్చినాదా?"

"లేదు. కుశాలగా తిరగతా ఉండాయి."

"మరి ఆక్సిజన్ లేదని ఎట్టా నమ్మితివి?"

పెంచలప్రసాద్ అందుకున్నాడు. "రొయ్యలకేం తెలుసు పాపా? చదువుకున్న మిషను చెప్తా ఉండాది."

దరియావలి భార్య ఆమినాబీ కొంగు దోపుకుని ముందుకు వచ్చింది. "నీ పెట్టె వచ్చినాక మా ఆయన ఒక్కపూట కూర్చోని తిన్నాడేమో అడుగు. ముద్ద నోట్లో ఉండంగానే ఉరుకుతాడు. మా అత్త గూడా ఆయన్ని ఇట్టా ఉరికించలా."

అబిగయీలు స్కూటీ సీటు మీద ల్యాప్‌టాప్ తెరిచి ఎంత వెతికినా తప్పు కనబడలేదు. అప్పటికి గట్టు మీద పెళ్లికి వచ్చినంత జనం. వాళ్లలో గొడుగు పట్టుకుని పాస్టరు గిద్యోను గారు. ఆయన నేరుగా ఆమె దగ్గరికే వచ్చారు.

"ఆదివారం కనబడలేదేంది అమ్మా? మొదటి గంట కొట్టి చూస్తే లోపల నేనూ, రెండు పావురాలూ."

"రెండో గంటకి ఒస్తిని గదా అయ్యగారూ. చోటు లేక గుమ్మం కాడ నిలబడినా."

ఆ మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. మన వైపు మొదటి గంటంటే స్నానానికి నీళ్లు పెట్టుకోమని. రెండో గంటకు కదా కుచ్చిళ్లు సర్దుకుంటూ బయల్దేరేది. మొదటి గంటకే తలలు లెక్కపెడితే ఊళ్లో క్రైస్తవులే లేరని రాసుకోవాలి. పెట్టె చేస్తున్నదీ అదే. కరెంటు పోతే పెట్టే, సెన్సారూ రెండూ ఆరిపోతాయి. రాగానే పెట్టె చటుక్కున లేస్తుంది. సెన్సారు నిద్ర ఇంకా తీరదు. లేవనివాడిని అడిగితే వచ్చే జవాబు సున్నా.

ఆఫీసులో ఇన్వర్టరు ఉంది. అక్కడ ఆమె పెట్టెనొక్కదాన్నే ఆర్పి వెలిగించేది. సెన్సారు ఎప్పుడూ మేలుకునే ఉండేది. ఇన్వర్టరు కింద కూర్చుని కరెంటు నిలవని ఊరికి ప్రోగ్రాము రాస్తే ఇంతే మరి.

సెకన్ల లెక్క మొత్తం తీసేసింది. సెన్సారు చలికి ఒకలా, ఎండకు ఒకలా లేస్తుంది. అందుకని 'లేచావా' అని అడుగుతూనే ఉండమంది. లేచానన్నాక కూడా మొదటి మూడు జవాబులు పారేయమంది. ఎంతకీ లేవకపోతే సున్నా అనకుండా, సెన్సారు పలకడం లేదని చూపించమంది. పాస్టరు గారు ల్యాప్‌టాప్‌కు గొడుగు పట్టారు. ఆమె నడుం లోతు నీళ్లలో దిగి సెన్సారును తీసి, తుడిచి, ముంచింది. దరియావలి మెయిను స్విచ్చి ఆపి, మళ్లీ వేశాడు. అలా మూడుసార్లు. మూడుసార్లూ పెట్టె కాసేపు ఊరుకుని, అయిదున్నర ఆక్సిజన్ అని చూపించింది. అరవలేదు.

"నోరు నొక్కేసినావు, అంతేగదా" అన్నాడు పెంచలప్రసాద్. అప్పుడే లారీ హారన్ వినబడింది.

ఆమినాబీ ఇంట్లోకి పోయి, అత్త కోసం కాచి, సీసా నిండా పోసి మూత బిగించి చల్లార్చిన నీళ్లు తెచ్చింది. కాచిన నీళ్లలో ఆక్సిజన్ ఎక్కడుంటుంది? సెన్సారును అందులో పెట్టగానే సైరన్ ఊరంతా దద్దరిల్లేలా మోగింది. ఆ మోత విని దరియావలి నవ్వడం అదే మొదటిసారి. పోయి లారీకి అడ్డం నిలబడ్డాడు.

"మరి ఐసేం చేసేది?" అన్నాడు పెంచలప్రసాద్.

"నీ నెత్తిన పెట్టుకో అన్నా, చల్లగా ఉంటది" అంది ఆమినాబీ.

ఇరవై రోజుల తర్వాత దరియావలి పట్టిన రొయ్య ఒక్కొక్కటి మూరెడు. సరే, జానెడు. ఇదంతా నిజమేనా అని అబిగయీలునే అడిగాను. ఆమె గుమ్మంలో ఎండుతున్న బురద చెప్పులను కాలితో పక్కకు నెట్టింది.

"ఎవురు చెప్పినారు? ఆ పొద్దు నేను నెల్లూరు దాటలా. మా కంపెనీ పెట్టెలో తప్పనేదే ఉండదు. నేను గుంటలో దిగలా, అయ్యగారు గొడుగు పట్టలా. ఇంక ఆ గంట సంగతంటావా, నేను ఎప్పుడూ మొదటి గంటకే పోతా."