లోవమ్మ బండి మీద మా ఆయన గొంతు

లోవమ్మ ఒకప్పుడు నెత్తిన గంప పెట్టుకుని కొత్తపేట వీధులన్నీ తిరిగేది. "చేపలమ్మో!" అని ఒక్క కేక వేస్తే పెరట్లో ఉన్నవాళ్ళకి కూడా వినపడేది. మా పిల్లి అయితే నాకంటే ముందే గేటు దగ్గరుండేది. అలా అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. స్కూటీ కొనుక్కుని మైకు పెట్టించింది గాని, మైకులో ఆ బొంగురు గొంతు విని కుక్కలు వెంటపడ్డాయి.

అప్పుడు మా ఆయన ధనరాజుగారు, "నేను చెప్తాను, రికార్డు చేసుకో లోవమ్మా" అన్నారు. మా అరుగు మీదే కూర్చుని గొంతు సవరించుకున్నారు. "బొచ్చెలండీ, శీలావతులండీ, రొయ్యలండీ! నీలం గేటు కాంతంగారూ, నిద్ర లేవండీ! మీ ఆయనకి పులుసు కావాలంటండీ!"

"ఆ చివరిది తీసేయించండి, ఊరంతా నవ్వుతారు" అన్నాను.

"నవ్వనీవే. నవ్వినోళ్ళు కొంటారు."

అలాగే కొన్నారు. ఎవరో కుర్రాళ్ళు దానికి డప్పులు కలిపి ఫోన్లలో తిప్పేరు. జొన్నాడలో పెళ్ళికెళ్తే ఊరేగింపులో డీజే అదే! "కాంతంగారంటే మీరేనాండీ?" అని పెళ్ళికూతురు కూడా అడిగింది.

మొన్న వేసవిలో ఆయన పోయేరు. దినాలు అయ్యేదాకా మా ఇంట్లో నీచు లేదు. ఆ తరవాత కూడా లోవమ్మ మా వీధి మలుపులో మైకు కట్టేసి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయేది. పక్క వీధిలో మళ్ళీ మొదలయ్యేది. మాటలు తెలిసేవి కావు. రోజూ గేటు పట్టుకుని వినేదాన్ని. వెయ్యమని అడగడానికి నోరు వచ్చేది కాదు.

నిన్న తనే బండి ఆపింది.

"అమ్మగారండీ, పోయినాయన గొంతుతో యాపారం చేత్తే తప్పు కదండీ. మా మనవరాలు కంప్యూటరు గొంతు పెడతానంటందండీ. సాయంత్రం ఇది తుడిపించేత్తాను."

గేటు తీసుకుని బండి దగ్గరకెళ్ళేను.

"ఆ కంప్యూటరు ఏమని అరుస్తుందే?"

"'తాజా మత్స్యములు లభించును' అంటందండీ."

"మత్స్యములు ఎవరు కొంటారే నీ మొహం! ముందు మైకు వెయ్యి."

"ఇక్కడాండీ?"

"ఇక్కడే."

వేసింది. నిద్ర లేవండీ అనే మాటకి పక్కింటి సూర్యావతిగారు బయటకొచ్చి నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. పిల్లి ఎప్పుడొచ్చిందో, బండి కింద ఉంది.

"లేచేనండీ" అన్నాను మైకుకేసి చూసి. "లోవమ్మా, అది తుడిపేవంటే నీ దగ్గర చేప కొనను."

"ఆయ్, అలాగేనండీ." కళ్ళు తుడుచుకుని కత్తిపీట తీసింది. "బొచ్చె కొయ్యమంటారా? ముక్కలు పులుసుకేనాండీ?"

"ఇంకెందుకూ? ఆయన చెప్పేరుగా!"