హెల్మెట్ నిండా తంగేడు పూలు

హెల్మెట్ దగ్గరుండి కూడా తల పగలగొట్టుకోవడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నే అడగాలి. జిల్లా మొత్తంలో ఈ విద్య నాకొక్కడికే వచ్చు.

2012లో నాకు కొత్త బండి, నొక్కుల జుట్టు ఉండేవి. జుట్టు అణిగిపోతుందని హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించి తిరిగేవాణ్ణి. సద్దుల బతుకమ్మ ముందురోజు కామారెడ్డిలో ఉండే మా అక్క పిలిచింది.

"తమ్మీ, ఎల్లారెడ్డి తొవ్వల తంగేడు మస్తుగ పూసిందట, తెంపుకరా. రేపు నీకు చూసిన పిల్ల కూడా మా వాడకట్టుకే ఆడనీకి వస్తది. నిన్ను చూస్తనన్నది. జర మంచిగ కనవడు!"

ఇక చూడండి నా హుషారు! సంచి సంగతే మరిచి బయలుదేరాను. పూలు తెంపాక ఎందులో వేయాలో తోచలేదు. హెల్మెట్ కనిపించింది. దేవుడు దాన్ని ఇందుకే పుట్టించాడనుకున్నాను. నిండా పూలు నింపి, ట్యాంకు మీద పెట్టి, ఎగిరిపోకుండా ఒక చేత్తో అదిమిపట్టి, ఇంకో చేత్తో బండి నడిపాను.

మలుపులో మేక అడ్డం వచ్చింది. బ్రేకు గట్టిగా నొక్కాను. బండి ఒక పక్క, నేనొక పక్క. పడుతూ పడుతూ రెండు చేతులతో దేన్ని కాపాడుకున్నానో తెలుసా? పూలను! చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకున్నాను. తల పోయి రోడ్డుకు తగిలింది.

మేకలు కాసే ముసలాయన ఉరికొచ్చి లేపాడు.

"పెద్దయ్యా, పూలు పోయినయా?"

"పూలకేం కాలే బిడ్డా. నీ తలకాయనే పలిగింది."

దవాఖానలో కుట్లు వేయడానికి నా నొక్కుల జుట్టు సగం గొరిగేశారు. మర్నాడు గుమ్మడికాయంత కట్టుతో అక్క వాకిట్లో నిలబడ్డాను.

"ఏందిరా ఇది! తలకు పెట్టేదాన్ని పూలకు పెట్టినవా? ఇగ ఆ పిల్లకు ఏమని చెప్పాలె?" అని అక్క నెత్తి కొట్టుకుంది.

ఆమె చెప్పే పనే లేకుండా వాడకట్టంతా చెప్పేసింది. ఆ పిల్ల, పేరు స్వరూప, నన్ను కింది నుంచి మీదికి చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా పెళ్లి అక్కడితో సరి అనుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

ఆట అయ్యాక అక్క ఉరుక్కుంటూ వచ్చింది.

"ఒప్పుకున్నదిరా! పూలనే గంత పైలంగ తెచ్చినోడు నన్ను కూడా పైలంగనే చూసుకుంటడు, కని ఆయన తలకాయను నేనే చూసుకోవాలె అంటున్నది."

అన్నట్టే చూసుకుంటోంది. నేను బండి తీస్తే చాలు, గడ్డం కింద బెల్టు ఊపిరాడనంతగా బిగిస్తుంది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట హెల్మెట్‌లో నా తల తప్ప మరేదీ పెట్టను. ఆ తలలో ఏమీ లేదని అక్క అంటుంది గానీ, ఉన్నదాన్నే కాపాడుకోవాలి కదండీ!