తలుపు లోపలి వైపు

మా నాన్న చివరగా చేసిన మామూలు పని, తెగిన పోగును చూసి ముట్టకుండా వదిలేయడం.

ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు గది అంతా గుంటమగ్గమే. ఆ పొద్దున అన్న మల్లికార్జున ఇంకా మగ్గం గుంటలోకి దిగలేదు. నాన్న చేతికర్ర ఆనించుకుంటూ వచ్చి, నిలువు దారాల పడుగు మీదికి వంగి చూశాడు. ఎర్ర అంచు పక్కన ఒక పోగు తెగి వేలాడుతోంది.

"తెగిందిరా. సూడలేదా?"

"ఇప్పుడే గదా లేసింది నాయనా. నువ్వే అతుకు."

"నీళ్లు పోసుకోకుండా ఎట్ల ముట్టేది? ఉండనీ, పోసుకోనొచ్చి అతుకుతా."

వదిన హేమలత వేణ్ణీళ్ల బకెట్ లోపల పెట్టింది. ఆయన వెళ్లి తలుపు వేసుకున్నాడు. పెళ్లయి ఆదోనిలో ఉన్న నాకు ఇదంతా తర్వాత వదిన చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా ఆ పోగు దగ్గరే మొదలుపెడుతుంది.

శేషన్న, అంటే మా నాన్న, అతికితే పోగు ఎక్కడ తెగిందో చేతికి కూడా తెలియదనేవారు మా వీధిలో. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి పురి తిప్పేవాడు, అంతే. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాక మగ్గం అన్నకు వదిలేశాడు. కానీ అతుకు వదల్లేదు. ఒక కొసను పళ్ల మధ్య పట్టుకుని, రెండోదాన్ని కుడి చేత్తో తెచ్చి కలిపేవాడు. "పండ్లు ఊడిపోతే ఏం జేస్తావు మామా?" అని వదిన అడిగితే, "నీ పండ్లు అడిగి తీసుకుంటాలే" అనేవాడు.

మంచం, మందులు, నలుగురి ముందు తడబడే మాట, అన్నింటికీ లొంగిపోయాడు. ఒక్కదానికి లొంగలేదు. మొదట్లో అన్నే స్నానం చేయించేవాడు. అంతసేపూ నాన్న కళ్లు మూసుకునే ఉండేవాడు. సబ్బు కళ్లలో పడుతుందనేమో అనుకున్నాడు అన్న. తలకు నీళ్లు పోయని రోజున కూడా కళ్లు తెరవలేదు.

ఒకరోజు నాన్నే అన్నాడు: "ముద్ద నువ్వు పెట్టినా తింటా. నీళ్లు మాత్రం నేనే పోసుకుంటా. అది గూడా పోతే ఇంగ నేనుండి ఏం లాభం?"

అందుకని బాత్రూమును ఆయనకు తగ్గట్టు మార్పించాం. తాపీమేస్త్రీ గోవిందన్న ఎత్తు గడప కొట్టేసి నేలకు సమం చేశాడు. నున్నటి బండలు తీసి గరుకు టైల్సు వేశాడు. కుడి చేతికి అందేలా గోడకు స్టీలు కడ్డీ బిగించాడు. కాళ్లకు రబ్బరు తొడుగులున్న స్నానం కుర్చీ నేను ఆదోని నుంచి తెచ్చాను. ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి మాకు గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: ఆయన కూర్చునే పోసుకోవాలి. పని చేసేది ఒక్క చెయ్యి. నిలబడితే ఆ చేత్తో కడ్డీ అయినా పట్టుకోవాలి, చెంబైనా ఎత్తాలి.

తలుపు దగ్గరికి వచ్చేసరికి గోవిందన్న ఆగాడు.

"మల్లికార్జునా, ఇది లోపలికి తెరుసుకుంటాంది. పెద్దాయన తలుపు వెనక పడితే మీరు తొయ్యలేరు. బయటికి తిప్పుతా."

"యాడికి తిప్పుతావన్నా? పడుగు సూడు."

పడుగు గది పొడవునా సాగి, ఆ తలుపుకు మూరెడు దూరంలో గుంజకు కట్టి ఉంది. తలుపు బయటికి తెరిస్తే నేరుగా దారాల మీద పడుతుంది.

"ఈ పడుగు అయిపోనీ. మగ్గం ఖాళీ అయినాక తిప్పుదాం" అన్నాడు అన్న.

"సరే. అంతవరకు లోపలి గడియన్నా పీకేస్తా."

ఆ మాటకు నాన్న మంచం మీద నుంచి తల ఎత్తాడు. "గడియ లేకుంటే అది బాత్రూమా, బస్టాండా?"

"ఎవరొస్తారు మామా? నేను ఈడనే కూర్చోని రాట్నంతో నూలు కండెలు సుట్టుకుంటాంటా గదా" అంది వదిన.

నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గోవిందన్న గడియ ఊడదీసి కిటికీలో పెట్టాడు.

మగ్గం ఖాళీ అవుతుందని అందరం ఒప్పుకున్నాం. మా ఇళ్లల్లో మగ్గం ఖాళీ కాదు. పాత పడుగు కొసలు దువ్వెనలాంటి అచ్చులో ఉండగానే కొత్త పడుగు పోగులు వాటికి అతికి ముందుకు లాగుతారు. ఉత్త మగ్గం ఇంట్లో ఉంచకూడదని కూడా అంటారు. ఆ చీరలు అయిపోయాయి, కొత్త పడుగు వచ్చింది. అతికింది నాన్నే, స్నానం చేసి వచ్చి, పళ్లతో పట్టుకుని. ఆ తర్వాత మరొకటి. తలుపు మాట ఎవరమూ ఎత్తలేదు. నేను వెళ్లినప్పుడల్లా ఆ తలుపుకీ పడుగుకీ మధ్య పక్కకు తిరిగి నడిచేదాన్ని.

నాన్న రోజూ లోపలికి వెళ్లేవాడు, తడి తలతో బయటికి వచ్చేవాడు. "మామ ఎంత శుభ్రమో సూడు. కుర్చీ గూడా తుడిసి పెట్టొస్తాడు. ఎప్పుడు సూసినా పొడిగానే ఉంటాది" అని వదిన పక్కింటి మహాదేవికి గొప్పగా చెప్పేది. నేనూ విన్నాను.

పోగు తెగిన ఆ పొద్దున వదిన తలుపుకెదురుగా రాట్నం ముందు కూర్చుంది. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. తర్వాత ఏదో పడిన చప్పుడు, చెంబు దొర్లిన చప్పుడు. ఆ పైన ఏమీ లేదు.

"మామా."

రాట్నం ఆపింది. మళ్లీ పిలిచింది. తలుపు తోస్తే నాలుగు వేళ్లు పట్టేంత సందు వచ్చి ఆగిపోయింది. అన్న వచ్చి భుజంతో తోశాడు. లోపల మెత్తగా ఏదో అడ్డం ఉంది. అదేమిటో తెలిశాక ఇంకా గట్టిగా తోయడానికి చెయ్యి రాలేదు.

చట్రంతో సహా బయటికి లాగాలి. మధ్యలో పడుగు ఉంది. వదినే కత్తెర తెచ్చి ఇచ్చింది. ఎప్పుడూ కొయ్యని పడుగును అన్న అడ్డంగా కోసేశాడు. దారాలు నేల మీద పడ్డాయి. వాటిని తొక్కుకుంటూ గడ్డపారతో చట్రం పెకలించాడు.

నాన్న తలుపుకు ఆనుకుని పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. కుర్చీ పక్కకు ఒరిగి ఉంది. కూర్చున్నవాడు జారి పడ్డాడనుకున్నాం. ఆస్పత్రిలోనూ అదే చెప్పాం. అప్పటికే ప్రాణం పోయిందన్నారు.

దినాలు అయ్యాక గోవిందన్న వచ్చాడు. ఇప్పుడు తలుపుకు అడ్డం ఏమీ లేదు, బయటికి తిప్పి బిగిస్తానన్నాడు. ఊడిన తలుపును వాకిట్లో వెల్లకిలా పడుకోబెట్టాడు. లోపలి వైపును నేను వెలుగులో చూడటం అదే మొదటిసారి. నడుమెత్తులో, అడ్డంగా, ఒక జానెడు మేర పచ్చరంగు పోయి చెక్క బయటపడింది. ఒక్కరోజు రాపిడి కాదు. అరిగి అరిగి నున్నగా అయింది.

గోవిందన్న లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చాడు. దాని వీపును ఆ అరుగుడు మీద ఆనించాడు. సరిగ్గా సరిపోయింది. గడియ పీకిన రోజు నుంచి నాన్న ఆ కుర్చీని తలుపుకు అడ్డం పెట్టి, నిలబడే నీళ్లు పోసుకున్నాడు.