అతిమధురం పొట్లంతో సూదమ్మ దగ్గరికి

శ్రీనివాసపురంలో మాది పచారీ అంగడి. శొంఠి, మిరియాలు, పటికబెల్లం, అతిమధురం వేరు అన్నీ ఉంటాయి. ఏ నొప్పికి ఏది నూరుకుని తాగాలో అడగకపోయినా చెప్పే జబ్బు కూడా నాకుంది. అలాంటివాణ్ణి సూది వైద్యానికని కేజీఎఫ్ బయలుదేరానంటే కారణం నా భుజం నొప్పి కాదు, మా అక్క ఫోను.

"మీ బావకు నాలుగు అడుగులు వేస్తే ఊపిరి ఆడేది లేదు. ఆసుపత్రి అంటే లేచి పోతాడు. నీ భుజం చూపించుకోను తోడు రమ్మను. ఆ సాకుతోనైనా సూదమ్మ ఆయన నాడి చూస్తాది" అంది. అక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఈ ఒక్కటి మాత్రం ఎన్నాళ్లు దాచిందో తెలియదు.

తెల్లవారి ఐదున్నరకు మొదటి బస్సు. సంచిలో ఒక జత బట్టలు, బావకు అతిమధురం పొట్లం. బావ గనిలో రాయి తొలిచే పని చేసేవాడు. గని మూతపడి ఏళ్లవుతోంది గానీ, అక్క పెళ్లయిన కొత్తలో మొదలైన పొట్లం మాత్రం ఆగలేదు. నెలనెలా తెలిసిన డ్రైవరు చేత పంపేవాణ్ణి. మా బావకు ఆ తీపంటే ప్రాణమని అంగడికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాణ్ణి.

ఆరున్నరకు కోలారు. టమాటా లారీలు తోవ కట్టేయడంతో బస్టాండు చేరేసరికి ఇంకో పావుగంట పట్టింది. రెండు ఇడ్లీలు తిని బంగారుపేట బస్సెక్కాను. అక్కడ ఎనిమిది దాటాక కేజీఎఫ్ మీదుగా పోయే మారికుప్పం రైలు. ఎదుటి ప్లాట్‌ఫారంలో కేజీఎఫ్ నుంచి బెంగళూరు పోయే బండి జనంతో కిక్కిరిసి ఉంది. మా పెట్టెలో నలుగురమే. ఒకప్పుడు పని కోసం జనం ఈ దిక్కుకే వచ్చేవారట.

పక్కన సెక్యూరిటీ చొక్కా వేసుకున్న పెద్దాయన రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"సూదమ్మ దగ్గరికా అప్పా? నేనూ పోయినాను. నొప్పి యాడనో, ఆమె సూది ఏసేది యాడనో. నడుం పట్టిందని పోతే చేతికి గుచ్చినాది" అన్నాడు.

"తగ్గిందా?"

"తగ్గినాది. డ్యూటీలో నిలబడితే మళ్లీ వచ్చినాది."

కిటికీలోంచి సైనైడు దిబ్బలు కనిపించాయి. గనిలోంచి తీసి, బంగారం పిండుకుని వదిలేసిన మట్టి అది. గాలికి పైనుంచి తెల్లని పొడి లేస్తోంది. నాకెందుకో దిగులేసింది, కిటికీ మూసేశాను.

కేజీఎఫ్‌లోని ఛాంపియన్ స్టేషన్లో బావ ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. సూదమ్మ ఇల్లు దగ్గరే, నడిచే పోదామన్నాడు. పది అడుగులకొకసారి ఆగి ఏదో ఒకటి చూపిస్తాడు. ఆగిపోయిన గని చక్రం, పాత క్లబ్బు, ఎవరిదో మూసిన ఇల్లు. నాకు ఊరు చూపిస్తున్నాడనుకున్నాను. నాలుగోసారి ఆగింది ఉత్త గోడ ముందర. అప్పుడు అర్థమైంది.

తొమ్మిదిన్నరకు చేరాం. సూదమ్మకు యాభై ఏళ్లుంటాయి, గని కార్మికుడి కూతురు. రెండు బెంచీల గది. ముందు నా రెండు మణికట్లూ మూడేసి వేళ్లతో పట్టుకుని చాలాసేపు నాడి చూసింది. చైనా పద్ధతిలో పది, పదిహేను సూదులు గుచ్చి అరగంట ఉంచుతారట, జపాన్ వాళ్లు తోలుకు తగిలీ తగలనట్టు పెడతారట. తను నేర్చింది ఒక్క సూది పద్ధతి. పిల్లలకైతే వేలితో నొక్కడమే. నా భుజానికి మోకాలి కింద, పిక్క పక్కన గుచ్చింది. చేయి చెవి దాకా లేచింది. అబద్ధం చెప్పను, నా కషాయాలతో అది కాలేదు.

తరువాత బావను పిలిచింది.

"నాకేం లేదమ్మా. మోకాలు రవంత పట్టుకుంటాది, అంతే."

నాడి పట్టుకుని, "దగ్గు ఉండాదా అప్పా?" అంది.

"లేదు."

"వెల్లకిల పండుకో."

"కూర్చునే ఏపించుకుంటాను."

ఆమె వంగి ఆయన మొహం దగ్గరగా చూసింది. "నోరు తెరువప్పా."

బావ తెరవలేదు. ఆమె కాచుకుంది. చివరికి తెరిచాడు. ఎడమ బుగ్గన పచ్చగా నానిన అతిమధురం ముక్క.

"మా నాయనా ఇట్లే బుగ్గన పెట్టుకొని డాక్టరు ముందర నిలబడేవాడు" అందామె. "దగ్గితే లోపలి పని తీసేసి పైపనికి మారుస్తారని భయం. పైపనికి కూలి తక్కువ. అట్లే పోయినాడు. ఇప్పుడు గనీ లేదు, ఆ డాక్టరూ లేడు. ఇంగ ఎవరికి దాస్తావు?"

"అలవాటైపోయినాదమ్మా" అన్నాడు బావ తల వంచుకుని.

"ఇది యాడిది?"

"మా బామ్మర్ది అంగడిది. ఒక్క నెల తప్పకుండా పంపిస్తాడు. శానా మంచోడు."

నేను తలెత్తలేకపోయాను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఎందుకని అడగలేదు. అందరికీ వైద్యం చెప్పే నోరు నాది.

నిద్రకని బావ మణికట్టు దగ్గర ఒక సూది పెట్టి, నాతో అంది: "రొమ్ములో పట్టిన రాయిపొడి సూదికి రాదు. ఈ దినమే కోలారు పక్కన తమకలో పెద్దాసుపత్రికి పిలుచుకుపో."

బావ "చూద్దాం" అన్నాడు. మా జిల్లాలో చూద్దామంటే లేదనే.

మధ్యాహ్నం ఇంటికి పోయాక అక్క రాగిముద్ద పెట్టింది. అక్కా నేనూ ఎంత చెప్పినా బావ వచ్చే నెల పోదామన్నాడు. మూడున్నరకు కోలారు బస్సు. వద్దన్నా రాబర్ట్‌సన్‌పేట బస్టాండు దాకా వచ్చాడు.

"పొట్లం తెచ్చినావా?" అని మెల్లగా అడిగాడు.

"మర్చిపోయినాను బావా."

"పోనీలే. డ్రైవరు చేతికియ్యి."

బస్సు కదిలింది. చుట్టు తిరిగి మళ్లీ బస్టాండు ముందరి నుంచే పోయింది. నేను వెళ్లిపోయాననుకున్నాడు. స్తంభం పట్టుకుని, నడుం విరిగినట్టు వంగి దగ్గుతున్నాడు. ఇన్నేళ్ల బంధుత్వంలో ఆయన దగ్గు నేను వినడం అదే మొదలు.

కండక్టరు తిట్టినా ఆపించి దిగాను. ఏమీ మాట్లాడకుండా చేయి పట్టుకుని తరువాతి బస్సు ఎక్కించాను. కోలారు దాకా దగ్గుతూనే ఉన్నాడు. జనం వెనక్కి తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

మరుసటి దినం తమకలో డాక్టరు ఎక్స్‌రే ఫొటో వెలుతురుకు పట్టుకుని చూసి, ముందే తీసుకురావలసింది అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. అక్కను పిలిపించి బావ దగ్గర ఉంచి, సాయంత్రం ఆరింటి బస్సుకు ఒంటరిగా ఊరికి బయలుదేరాను. పొట్లం సంచిలోనే ఉంది. తోవంతా దాని వాసనే.

మీలో ఎవరైనా సూదమ్మ దగ్గరికి పోతే ఛాంపియన్లో దిగండి, తొమ్మిది లోపల చేరండి. నొప్పి ఎక్కడో సరిగా చెప్పలేకపోయినా ఫరవాలేదు, ఆమే కనుక్కుంటుంది. నోట్లో మాత్రం ఏమీ పెట్టుకుని పోవద్దు.