చేతులు కట్టుకున్న ఇరవై సెకన్లు

కోట్లు కుట్టే కంపెనీలో ఆమెను అందరూ కాజాలక్క అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఆమెది ఒకటే పని, ఖరీదైన కోట్లకు చేత్తో కాజాలు వెయ్యడం. ఆ పని తమకు చేతకాకనే మిషన్లు ఆమెను ఇంటికి పంపలేకపోయాయి.

మొన్న వానలప్పుడు కుడిచేతి బొటనవేలు మాట వినడం మానేసింది. సూది జారిపోతుంటే వయసనుకుంది. తర్వాత ఒకరోజు ఆ చెయ్యి దానంతటదే కొట్టుకుని, కాజాలక్క కుర్చీలోంచి పడిపోయింది. స్కాన్ తీస్తే తలలో ఎడమవైపు కోటు గుండీ అంత గడ్డ కనిపించింది.

పెద్ద డాక్టరు ఏదీ దాచలేదు. చేతిని ఆడించే చోటు ఆ గడ్డ పక్కనే ఎక్కడో ఉంది. అది ఎక్కడో తెలిస్తే దాన్ని తప్పించి గడ్డంతా తీసేస్తాడు. తెలియకపోతే సగమే తీస్తాడు, మిగతా సగం మళ్లీ పెరుగుతుంది.

"చెయ్యి పోకూడదు డాక్టరుగారూ. మిగిలింది మీ ఇష్టం" అంది.

అందుకని ఇంకో రకం స్కాన్ రాశాడు. మెదడులో ఏ చోటు పనిచేస్తే అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది. ఆ తేడాను పెద్ద అయస్కాంతం పట్టుకుంటుంది. ఇరవై సెకన్లు వేళ్లాడించాలి, ఇరవై సెకన్లు ఊరుకోవాలి. ఆ రెండింటికీ తేడా కనిపించినచోట బొమ్మమీద రంగు పడుతుంది, చెయ్యి అక్కడ ఉన్నట్టు.

తోడుగా ఆడపడుచు వచ్చింది. అదే కంపెనీలో ఇస్త్రీ సెక్షను ఆమెది. ఒంటిమీద ఇనుము ఏమీ లేదని కాజాలక్క గట్టిగానే చెప్పింది. స్కాన్ తీసే మేడం ఆమె మెడ దగ్గర బట్ట తడిమితే సూది దొరికింది.

"నిద్రలో కూడా అది అక్కడే ఉంటుంది మేడం. మా అన్నయ్యకి ఎన్నిసార్లు గుచ్చుకుందో" అంది ఆడపడుచు.

కాజాలక్కకు దుప్పటి కప్పి గొట్టంలోకి పంపారు. కళ్లముందు అద్దంలో 'ఆడించండి', 'ఊరుకోండి' అని మారి మారి వచ్చాయి. రెండుసార్లు తీసినా బొమ్మమీద రంగు పడలేదు. వేళ్లాడించినా, ఊరుకున్నా కొలత ఒకటే.

చెప్పినట్టు చెయ్యాలి కదమ్మా అని మేడం విసుక్కుంది. చేశానమ్మా అంది కాజాలక్క. మేడం కాగితం మీద 'రోగి సహకరించలేదు' అని రాసింది. ఆసుపత్రుల్లో ఈ మాట ఎవరి కాగితాల మీద ఎక్కువగా పడుతుందో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు. పెద్ద డాక్టరు ఆ మాట చదివితే సగం గడ్డ లోపలే ఉండిపోతుంది.

ఆడపడుచు ఆ కాగితం చూసింది. ఇంకొక్కసారి తియ్యమని, తనను పక్కన నిలబడనివ్వమని అడిగింది. చెవిపోగులు, గాజులు తీసి లోపలికెళ్లింది. 'ఊరుకోండి' అని రాగానే దుప్పటి ఎత్తి చూసింది. బొటనవేలూ చూపుడువేలూ దారం లాగుతున్నాయి. ఒక కుట్టు, ఇంకో కుట్టు. ఆ సంగతి కాజాలక్కకే తెలియదు.

"ఊరుకున్నప్పుడే కాజా వేస్తోంది మేడం మా వదిన. టీ తాగుతున్నా ఇంతే. ఊరికే కూర్చోమని ఆవిడకి ఇన్నాళ్లలో ఎవరు చెప్పారు గనక?"

కదపొద్దని మేడం చెబితే కాజాలక్క పిడికిలి బిగించింది. బిగించడమూ పనేనట. మళ్లీ రంగు రాలేదు.

అసలీ చెయ్యి ఎప్పుడు ఊరుకుంటుంది? ఆడపడుచు కాసేపు ఆలోచించింది. కంపెనీలో కుట్టు తప్పులు పట్టే చెకింగాయన కోటును వెలుతురుకెత్తి చూస్తున్నంతసేపూ కుట్టినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడాలి. బల్ల మీద చెయ్యి కనిపించిందా, ఆ కోటు వెనక్కి. అప్పుడు మాత్రం వదిన వేళ్లు చచ్చినట్టు పడుంటాయి.

"ఊరుకోమనకండి. చెకింగాయన వచ్చాడని చెప్పండి" అంది.

పద్ధతిలో లేదే అని మేడం తటపటాయించింది. భయం మెదడులో ఇంకెక్కడైనా కనిపిస్తుందేమో, అయినా మనకు కావలసింది చెయ్యే కదా అని తనకు తానే సర్దిచెప్పుకుని మైకు అందుకుంది. "చెకింగాయన వచ్చాడు." ఇరవై సెకన్లు. "వెళ్లిపోయాడు, ఆడించండి."

రంగు పడింది. గడ్డకు గోరంత దూరంలో చెయ్యి. మేడం పాత కాగితం చించేసి కొత్తది రాసింది.

తొమ్మిదో రోజున గడ్డంతా తీశారు. బొటనవేలు నెలరోజులు మొరాయించి, తర్వాత దారికొచ్చింది. ఈలోపు ఈ కథ ఇస్త్రీ సెక్షనంతా తిరిగింది. మొదట అందరూ పడిపడి నవ్వారు. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్లలో ఆ చెయ్యి ఊరుకున్నది ఒక్క చెకింగాయన ముందేనా?

పనిలోకి వచ్చిన మొదటిరోజు కాజాలక్క మూడు కాజాలు వేసింది. చెకింగాయన కోటు వెలుతురుకెత్తాడు. పక్కవాళ్లంతా చేతులు కట్టుకున్నారు. ఆమె రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి.

"చేతులు" అన్నాడాయన.

"వీటిని ఊరికే ఉంచొద్దన్నాడు డాక్టరు" అంది, వేళ్లు ఒక్కొక్కటే మడిచి తెరుస్తూ.

ఆయన ఆ వేళ్లకేసి చూశాడు. తర్వాత కాజాలకేసి చూశాడు. కోటు వెనక్కి రాలేదు.